మా అమ్మాయి డీఏఆర్‌లో చేరింది: తొమ్మిది తరాల కాగితాల వెంట పంతొమ్మిది నెలలు

2023 నవంబరు 23, థ్యాంక్స్‌గివింగ్ రోజు. భోజనాలయ్యాక మా అత్తగారు పైగదిలోంచి పాత బిస్కెట్ల రేకుడబ్బా ఒకటి తెచ్చి మా అమ్మాయి ఒళ్లో పెట్టారు. "నీకు మార్చిలో పద్దెనిమిది నిండుతాయి కదా, ఇక ఇది నీ దగ్గరే ఉండాలి" అన్నారు. డబ్బాలో నాలుగైదు ఫొటోలు, ఎండిపోయిన పువ్వు ఒకటి, అడుగున మడతల దగ్గర చిరిగిపోతున్న టైపు కాగితాలు నాలుగు ఉన్నాయి. 1926లో మా అత్తగారి అమ్మమ్మ చెల్లెలు డీఏఆర్‌కి పెట్టుకున్న అప్లికేషన్ నకలు అది.

డీఏఆర్ అంటే డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్. బ్రిటిష్ వలసలుగా ఉన్న రోజుల్లో ఇక్కడ బతికి, స్వాతంత్ర్య యుద్ధానికి ఏదో ఒక రకంగా సాయపడ్డవాళ్ల వంశంలో పుట్టిన ఆడవాళ్ల సంఘం. నాది తెనాలి దగ్గర పల్లెటూరు, మా ఆయనది మసాచుసెట్స్. మేముండేది వూస్టర్ దగ్గర. ఇరవై ఏళ్లకు పైగా ఆ ఇంటి కోడలిగా ఉన్నా, ఆ డబ్బా సంగతి నాకు ఆ రోజు దాకా తెలియదు. ఈ పని మొదలుపెట్టాక తెలుగులో ఎవరైనా రాశారేమోనని వెతికాను, దొరకలేదు. అందుకని మా ఇంట్లో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదట చేసింది ఖర్చు లేని పని. డీఏఆర్ వెబ్‌సైట్‌లో పూర్వీకుల పేర్లు ఎవరైనా వెతుక్కోవచ్చు, సభ్యత్వం అక్కర్లేదు. 1926 కాగితంలో ఉన్న పెద్దాయన పేరు కొట్టగానే వచ్చింది. 1752లో పుట్టాడు, వూస్టర్ కౌంటీ మనిషి, మిలీషియాలో, అంటే ఊరివాళ్లే కలిసి ఏర్పడ్డ సైన్యంలో, పనిచేశాడు. ఇంకేముంది, పని అయిపోయినట్టే అనుకున్నాను. కానీ పేరు కింద ఎర్ర అక్షరాలతో ఒక హెచ్చరిక ఉంది. పాత అప్లికేషన్లలో కనీసం ఒకదానిలో తప్పు బయటపడిందని దాని సారాంశం. ఆ తప్పు మా కాగితంలోనిదే. అది తెలియడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

జనవరి మొదటివారంలో మాకు దగ్గర్లో ఉన్న శాఖకు మెయిల్ పెట్టాను. శాఖను వాళ్లు చాప్టర్ అంటారు. నాలుగో రోజు జవాబు వచ్చింది. ఫిబ్రవరి 10, శనివారం వాళ్ల మీటింగుకి అతిథులుగా రమ్మన్నారు. చర్చికి ఆనుకుని ఉన్న చిన్న హాలు. ఇరవైమంది దాకా ఉంటారు, ఎక్కువమంది మా అత్తగారి వయసువాళ్లు. ఆ హాల్లో నేనొక్కదాన్నే చీరలో ఉన్నాను, లోపలికి వెళ్లేటప్పుడు కడుపులో ఒకటే టెన్షన్. పక్క కుర్చీలో కూర్చున్న ఆవిడ నా చేయి పట్టుకుని, "మీరు కాబోయే సభ్యురాలి అమ్మా?" అని అడిగాక కాస్త కుదుటపడ్డాను.

అక్కడ అన్నిటికన్నా ముఖ్యమైన మనిషి రిజిస్ట్రార్. జీతం లేని పని. కొత్తగా చేరేవాళ్ల కాగితాలన్నీ చూసి, అప్లికేషన్ కుదిర్చి, వాషింగ్టన్‌కి పంపేది ఆవిడే. రిటైరైన లైబ్రేరియన్. మా నాలుగు కాగితాలనూ భూతద్దంతో చూసి, "ఇవి ఆధారం కావు, దారి చూపించే గుర్తులు మాత్రమే" అన్నారు. 1926లో ఇంట్లోవాళ్లు చెప్పిన మాట రాసిస్తే సరిపోయేదట. ఇప్పుడు ప్రతి తరానికీ కాగితం కావాలి. ఫలానా ఆవిడ ఫలానావాళ్ల కూతురు అని రుజువు చూపించాలి. దగ్గరి మూడు తరాలకైతే జనన, వివాహ, మరణ పత్రాలు పెట్టాలి. మూడు తరాలు అనగానే నాకు మా నాన్నగారు పెట్టే తద్దినాలు గుర్తొచ్చాయి. తండ్రి, తాత, ముత్తాత. మా ఊళ్లో ఆ పేర్లు నోటికి చెప్పగలిగితే చాలు, ఇక్కడ సర్టిఫికెట్లు కావాలి.

పెద్దాయన చేసిన సేవ 1775 ఏప్రిల్ 19కీ 1783 నవంబరు 26కీ మధ్య జరిగినదై ఉండాలి. సైనికుడే కానక్కర్లేదు. సైన్యానికి ధాన్యం ఇచ్చినవాళ్లు, ఊరి పదవుల్లో ఉన్నవాళ్లు, విధేయత ప్రమాణం చేసినవాళ్లు, వాళ్లలో ఆడవాళ్లు కూడా లెక్కలోకి వస్తారు.

ఇంటికి వస్తుంటే కార్లో మా అమ్మాయి అడిగిన మాట రాయకుండా ఉండలేను. "అమ్మా, మేరియన్ ఆండర్సన్‌ని పాడనివ్వనిది వీళ్లే కదా?" నిజమే. 1939లో ఆ గొప్ప గాయని నల్లజాతి మనిషన్న కారణంతో వాషింగ్టన్‌లోని తమ కాన్‌స్టిట్యూషన్ హాలును డీఏఆర్ ఇవ్వలేదు. అప్పటి అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్వెల్ట్ సంఘానికి రాజీనామా చేశారు. ఆ ఏప్రిల్ 9న, ఈస్టర్ రోజు, లింకన్ మెమోరియల్ మెట్ల మీద ఆండర్సన్ పాడితే 75,000 మంది విన్నారు. మా అమ్మాయి మర్నాడు రిజిస్ట్రార్ గారికే ఫోన్ చేసి ఈ మాట అడిగేసింది. నేను భయపడ్డాను. ఆవిడ ఏమీ దాటవేయలేదు. "అది మా తప్పు. 1977 దాకా నల్లజాతి ఆడవాళ్లెవరినీ చేర్చుకోకపోవడం కూడా మా తప్పే. అది తెలిసి, గుర్తుపెట్టుకునేవాళ్లు లోపల ఉండాలని నేను కోరుకుంటాను" అన్నారు. ఈ సంఘం 1890లో ఎందుకు పుట్టిందో కూడా చెప్పారు. మగవాళ్లు పెట్టుకున్న అలాంటి సంఘం ఆడవాళ్లను రానివ్వకపోతే వీళ్లు వేరే పెట్టుకున్నారు. మా అమ్మాయి రెండు రోజులు ఆలోచించి, చేరతానంది.

నాకు గుచ్చుకున్నది వేరు. తెలుగు స్నేహితురాలు ఒకావిడ "ఇది వాళ్ల కులసంఘం లాంటిదా?" అని అడిగింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పుట్టుకను బట్టి మనిషిని కొలిచే ఊళ్లోంచి వచ్చినదాన్ని, నా కూతురికి ఆ గర్వం నేనే అంటిస్తున్నానా అనిపించింది. పైగా ఆ పెద్దాయన దున్నిన నేల అంతకుముందు నిప్‌మక్ అనే ఆదివాసీ తెగవాళ్లది. చివరికి ఒకటి నిశ్చయించుకున్నాను. కాగితాల్లో ఏముంటే అది చదువుదాం, లేని గొప్ప తగిలించొద్దు. చదివాక తెలిసింది, గొప్పలు చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు. వ్యవసాయం చేసుకున్న మామూలు మనుషులు వాళ్లు.

మార్చి 6న మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి. ఆ వారమే పని మొదలుపెట్టాం. కాలేజీ అప్లికేషన్లతో దానికి తీరిక లేదు, వెతుకులాటలో ఎక్కువ భాగం నాదే అయింది.

మా వంశంలో పెద్ద చిక్కు ఏమిటంటే, ఆ పెద్దాయన తర్వాత వరుసగా ఆరు తరాలు ఆడవాళ్లే. 1797లో పుట్టిన ఆయన కూతురు, 1826, 1855, 1885, 1915, తర్వాత 1944లో మా అత్తగారు. ఆ తర్వాతే మా ఆయన, మా అమ్మాయి. ప్రతి పెళ్లితోనూ ఇంటిపేరు మారిపోయింది. ఏడు ఇంటిపేర్లు! ఒక ఇంటిపేరు పట్టుకుని వెనక్కి వెళ్లడం తేలిక. ఇక్కడ ప్రతి మెట్టు దగ్గరా ఆగి, ఈవిడ పుట్టింటిపేరు ఏమిటని మళ్లీ మొదటినుంచి వెతకాలి. కొన్ని రికార్డుల్లో "ఫలానావాడి భార్య" అని తప్ప ఏమీ ఉండదు. పాత సమాధి రాళ్ల మీదైతే "రెలిక్ట్" అని చెక్కి ఉంటుంది. మొగుడు పోయాక మిగిలిన మనిషి అని దాని అర్థం. ఆ మాట మొదటిసారి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఏప్రిల్‌లో పెన్షన్ ఫైలు దొరికింది. ఆ యుద్ధంలో పనిచేసినవాళ్ల పెన్షన్ ఫైళ్లు 80,000 దాకా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. మావాళ్లది నలభై పేజీలు దాటింది. 1832లో కొత్త చట్టం వచ్చినప్పుడు, 80 ఏళ్ల వయసులో ఆ పెద్దాయన కోర్టులో నిలబడి తన కథ చెప్పుకున్నాడు. 1775 ఏప్రిల్ 19న యుద్ధం మొదలైందని కబురందగానే ఊరివాళ్లతో కలిసి నడిచి వెళ్లానని, మళ్లీ 1777లో కొన్ని నెలలు పనిచేశానని. కెప్టెన్ పేరు గుర్తుంది, నెలలు గుర్తులేవు. 1800 నవంబరులో యుద్ధశాఖ ఆఫీసు కాలిపోయి పాత కాగితాలు చాలా బూడిదయ్యాయి. అందుకే అంత ముసలితనంలో జ్ఞాపకం మీదా, ఇరుగుపొరుగు సాక్ష్యం మీదా ఆధారపడాల్సి వచ్చింది.

ఆయన 1835లో పోయాడు. ఫైల్లో రెండో సగం ఆయన భార్యది. 1794కి ముందు పెళ్లయిన వితంతువులకు పెన్షన్ ఇస్తామని 1838లో చట్టం వస్తే, 72 ఏళ్ల ఆవిడ పెట్టుకున్న అర్జీ. మాకు పెళ్లయింది 1791లో అని రాయించింది. అక్కడ నేను ఆగిపోయాను. మా 1926 కాగితంలో ఉన్న భార్య పేరు ఇది కాదు! మళ్లీ మొదటినుంచి చదివితే అర్థమైంది, ఈవిడ రెండో భార్య. మొదటావిడ 1790లో పోయింది. 1797లో పుట్టిన కూతురు ఈవిడ బిడ్డ. 98 ఏళ్లుగా కాగితం మీద ఆ పిల్లకు వేరే తల్లి ఉంది. వెబ్‌సైట్‌లో ఎర్ర అక్షరాల సంగతి ఇదే.

పెళ్లి రుజువు చేయడానికి ఆవిడ ఇంటి బైబిల్లోంచి ఒక పేజీ చింపి పంపింది. అప్పట్లో చాలామంది అలా చేశారని రిజిస్ట్రార్ గారు చెప్పారు. ఆ పేజీ ఇప్పటికీ ఫైల్లోనే ఉంది, తిరిగి ఆవిడ చేతికి చేరలేదు. గోధుమరంగు సిరాతో పిల్లల పుట్టినరోజులు వరుసగా ఉన్నాయి. నాలుగో వరసలో మా పిల్ల, 1797 మార్చి 24. అర్జీ చివర సంతకం చోట ఆవిడ పేరు ఎవరో గుమాస్తా రాశాడు. పేరుకీ ఇంటిపేరుకీ మధ్య వంకరగా ఒక ఇంటూ గుర్తు. ఒక గీత గట్టిగా, రెండో గీత మధ్యలో వణికి కిందికి జారింది. పైన "ఆమె" అని, కింద "గుర్తు" అని చిన్న అక్షరాలు.

నేను స్క్రీన్ పెద్దది చేసి చాలాసేపు చూశాను. మా నాయనమ్మ తెనాలి పోస్టాఫీసులో వితంతు పెన్షన్ తీసుకునేటప్పుడు నేను తోడు వెళ్లేదాన్ని. ఊదారంగు సిరా పూసిన బొటనవేలు కాగితం మీద ఆనించి, బంట్రోతు దాన్ని అటూఇటూ దొర్లించేవాడు. "నిశానీ ఏశాను, ఇక పద" అని నాయనమ్మ ఆ వేలు కొంగుకి తుడుచుకునేది. ఎన్ని ఉతుకులు వేసినా ఆ మరక పోయేది కాదు. మా అమ్మాయిని పిలిచి ఆ ఇంటూ గుర్తు చూపించి, నాయనమ్మ సంగతి చెప్పాను. అప్పటిదాకా దానికి ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత నాలుగు నెలలు 1797కీ 1826కీ మధ్య ఇరుక్కుపోయాం. కూతురు పెళ్లయ్యాక మొగుడితో పడమటి న్యూయార్క్‌కి వెళ్లిపోయింది. అక్కడ ఆ కాలానికి జనన రికార్డులు లేవు. 1850కి ముందు జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరొక్కటే రాసేవారు. మిగతావాళ్లంతా వయసు గడుల్లో అంకెలే. 1840 లెక్కల్లో మా 1826 పిల్ల "10 నుంచి 15 ఏళ్ల ఆడవాళ్లు" అన్న గడిలో ఒక అంకె. అందరి పేర్లూ రాయడం మొదలైన 1850 నాటికి ఆవిడకి పెళ్లయి, వేరే ఇంటిపేరుతో వేరే ఇంట్లో ఉంది. అమ్మనీ కూతుర్నీ కలిపే కాగితం ఒక్కటీ లేదు.

రోజూ రాత్రి గిన్నెలు కడిగాక పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఫ్యామిలీసెర్చ్‌లో ఆ కౌంటీ వీలునామాల పుస్తకాలు పేజీ పేజీ తిప్పేదాన్ని. ఆ సైటు ఉచితం. అదే ఏడు వాళ్లు చేతిరాతను యంత్రం చదివిపెట్టే వెతుకు సదుపాయం తెచ్చారు. అది సగం పేర్లు తప్పు చదువుతుంది, అయినా లేనిదానికన్నా నయం. ఆగస్టు 11 రాత్రి అందులోనే దొరికింది. 1863లో 1797 నాటి కూతురి భర్త వీలునామా రాయకుండా పోతే, ఆస్తి పంపకానికి కోర్టులో వేసిన పిటిషను. వారసులందరి పేర్లు, ఎవరి భార్యో, ఏ ఊళ్లో ఉంటున్నారో. మూడో పేరు మా 1826 పిల్లది, మొగుడి పేరుతో సహా. నిద్రపోతున్న మా ఆయన్ని లేపి చూపించాను. కళ్లజోడు లేకుండానే చదవబోయి, "మంచిది, పొద్దున మాట్లాడుకుందాం" అని మళ్లీ పడుకున్నారు. నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

అప్లికేషన్‌లో ప్రతి తరానికీ భార్య, భర్త ఇద్దరి వివరాలూ నింపాలి. మా అమ్మాయి తల్లిదండ్రుల చోట నా పేరు, పుట్టిన తేదీ, ఊరు. నేను రక్తసంబంధపు లైన్‌లోదాన్ని కాదు కాబట్టి నా జనన పత్రం లేకపోయినా ఇబ్బంది లేదు, ఖాళీ వదిలేయొచ్చని రిజిస్ట్రార్ గారు మంచికే చెప్పారు. నేను ఒప్పుకోలేదు. అప్పటికి నెలల తరబడి ఖాళీ గడులతో కొట్టుకుంటున్నదాన్ని. ఇంకో రెండొందల ఏళ్లకు ఏ మునిమనవరాలో ఈ కాగితం తెరిస్తే, నా చోట ఖాళీ కనబడకూడదు.

నేను 1974లో ఇంట్లోనే పుట్టాను. గ్రీన్‌కార్డుకి పదో తరగతి సర్టిఫికెట్, అమ్మానాన్నల అఫిడవిట్లతో గట్టెక్కాను, అసలు రికార్డు ఎప్పుడూ చూడలేదు. జూన్‌లో మా పెదనాన్నగారి అబ్బాయికి ఫోన్ చేశాను. "ఇప్పుడెందుకమ్మా నీకది, రిటైర్ అయ్యే వయసులో?" అన్నాడు, అయినా వెళ్లాడు. పంచాయతీ ఆఫీసులో పాత రిజిస్టర్లు లేవు, మండల ఆఫీసుకి వెళ్లమన్నారు. అక్కడ మొదటిసారి వెళితే రికార్డు గది తాళం ఉన్నాయన సెలవు. రెండోసారి పుస్తకం దొరికింది గానీ చెదలు పట్టి ఉంది. మూడోసారి, సెప్టెంబరు 4న, వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. తేదీ ఉంది, నాన్న పేరు ఉంది, అమ్మ పేరు ఉంది. బిడ్డ పేరు చోట "ఆడ" అని మాత్రం ఉంది. 1840 నాటి ఆ గడిలో అంకె గుర్తొచ్చింది. 1752లో పుట్టినాయన రికార్డు నాకు రెండు నిమిషాల్లో దొరికింది, నాది దొరకడానికి మూడు నెలలు పట్టింది.

సర్టిఫికెట్ తెలుగులో ఉంది. ఇక్కడ మా ఊళ్లో పిల్లలకు తెలుగు నేర్పే మనబడి టీచరుగారు ఇంగ్లీషులోకి మార్చి, ఇది సరైన అనువాదమని సంతకం పెట్టి ఇచ్చారు. పదో తరగతి సర్టిఫికెట్ జోడించాం. నా గడి నిండింది.

చాప్టర్‌లో ఇద్దరు సభ్యులు మా అమ్మాయిని బలపరుస్తూ సంతకాలు చేశారు. 2024 అక్టోబరు 18న అంతా వాషింగ్టన్‌కి వెళ్లింది. రిజిస్ట్రార్ గారు పంపేముందు ప్రతి కాగితంలోనూ పనికొచ్చే వాక్యం కింద నా చేత ఎర్ర పెన్సిల్‌తో గీత గీయించారు. చదివేవాళ్లకి వెతుక్కునే పని ఉండకూడదట. ఒరిజినల్స్ ఒక్కటీ పంపలేదు, అన్నీ నకళ్లే. బైబిలు పేజీ పోగొట్టుకున్నావిడ కథ చదివాక ఆ విషయంలో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మూడు నెలలు ఏ కబురూ లేదు. 2025 జనవరి 10న ఉత్తరం వచ్చింది, అదనపు ఆధారం కావాలని. నేను బెంగపడ్డది పిటిషను గురించి. వాళ్లు అడిగింది వేరు. బైబిలు పేజీలో పిల్ల పేరు ఒకటి, న్యూయార్క్ కాగితాల్లో ఇంకొకటి. ఇద్దరూ ఒకరేనని ఎలా చెబుతారు? ఆ రోజుల్లో మేరీని పాలీ అనీ, మార్తాను ప్యాటీ అనీ, ఎలెన్‌ని నెల్లీ అనీ పిలిచేవాళ్లు. మన ఇళ్లలో బుజ్జి, చిట్టి ఉన్నట్టే. కానీ అది చెబితే సరిపోదు.

ఆవిడ సమాధి పడమటి న్యూయార్క్‌లో ఒక పల్లెలో ఉంది. మాకు ఆరు గంటల ప్రయాణం, పైగా నిండా మంచు. ఫైండ్ ఎ గ్రేవ్ అనే సైట్‌లో ఫొటో కావాలని పెడితే దగ్గర్లో ఉన్నవాళ్లు వెళ్లి తీసిపెడతారు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి, తొమ్మిదో రోజున, మోకాలి లోతు మంచు తవ్వి, రాయి మీద మెత్తటి బ్రష్‌తో తుడిచి, నాలుగు ఫొటోలు పంపారు. రాయి మీద పుట్టినతేదీ లేదు. చనిపోయింది 1871 జూన్ 2 అని, వయసు 74 ఏళ్ల 2 నెలల 9 రోజులు అని ఉంది. అప్పట్లో అలాగే చెక్కేవారు. మా అమ్మాయి హాస్టల్ నుంచి వీడియో కాల్‌లో ఉంది. పెన్ను తీసి వెనక్కి లెక్క కట్టింది. రోజులు తీసేసి, నెలలు తీసేసి, ఏళ్లు తీసేసి, పెన్ను ఆపి నావైపు చూసింది. "మార్చి 24, 1797." బైబిలు పేజీలో నాలుగో వరస. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఫిబ్రవరి 7న జవాబు పంపాం. మళ్లీ ఎదురుచూపు. ఏప్రిల్ 19కి లెక్సింగ్టన్‌లో ఆ యుద్ధపు మొదటి తుపాకులు పేలి 250 ఏళ్లు. తెల్లవారుజామున చీకట్లోనే బయల్దేరి అక్కడ పచ్చిక మైదానం దగ్గర జనంలో నిలబడ్డాం. ఆనాటి పోరును మళ్లీ ఆడి చూపించారు, తుపాకుల మోత అయ్యాక గంధకం వాసన మా దాకా వచ్చింది. మా అత్తగారు మడత కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. మా ఆయన తరఫు పెద్దాయన ఆ మైదానానికి చేరలేదు, ఆ ఊరివాళ్లు దారిలో ఉండగానే ఇక్కడంతా అయిపోయింది. కాగితాలు చదవకపోతే ఈ మాట తెలిసేది కాదు.

మే 27న రిజిస్ట్రార్ గారు ఫోన్ చేశారు, ఆమోదం వచ్చిందని. అక్టోబరు 18 నుంచి లెక్కేస్తే ఏడు నెలలు దాటింది. జూన్ 14, శనివారం, అదే చిన్న హాల్లో ప్రమాణం చేయించారు. మా అమ్మాయి నా మంగళగిరి చీర కట్టుకుంది. ఇక్కడొక సంగతి ముందు తెలియదు: బ్యాడ్జీలు వాళ్లివ్వరు, మనమే కొనుక్కోవాలి, బంగారంవైతే ఖరీదు ఎక్కువ. మేం చిన్నదే కొన్నాం. గుర్తు మాత్రం చూడాల్సిందే. పదమూడు ఆకులున్న రాట్నం చక్రం, దాని మీద వడకడానికి నార చుట్టిన కర్ర. పదమూడు వలసలకు పదమూడు ఆకులు. నేతచీర మీద రాట్నం గుర్తు పెట్టుకుని నిలబడ్డ పిల్లని చూసి నాకు గొంతు పట్టేసింది. పిన్ను పెట్టింది మా అత్తగారు. 81 ఏళ్ల చేతులు, రెండుసార్లు జారింది, మూడోసారి పడింది. మనవరాలి కాగితం మీద ఇప్పుడు ఆవిడ కూడా తేలిగ్గా చేరొచ్చు. "నాకెందుకిప్పుడు" అన్నారు గానీ, ఫారం తీసుకుని పర్సులో పెట్టుకున్నారు.

ఖర్చు చెబుతాను. అమెరికాలో సర్టిఫికెట్లు తొమ్మిదింటికి దాదాపు 190 డాలర్లు. ఒక్కొక్కటి ఒక్కో రేటు, రెండు తప్పుగా చిన్న ఫారంలో వచ్చాయి, తల్లిదండ్రుల పేర్లున్న పెద్దది కావాలని మళ్లీ కట్టాల్సి వచ్చింది. మొదటే పెద్దది అడగండి. అప్లికేషన్ ఫీజు, మొదటి ఏడాది చందా, చాప్టర్ చందా కలిపి ఇంకో 200 దగ్గర. తెనాలిలో మా అన్నయ్య తిరిగినందుకు, కొరియర్‌కి కలిపి ఐదు వేల రూపాయలు పంపితే, సగం వెనక్కి పంపాడు.

ఆమోదమైన అప్లికేషన్ మొదటి పేజీ ఫొటో తీసి మా అమ్మకి పంపాను. నా పేరు, మా ఊరు, గుంటూరు జిల్లా, ఆంధ్రప్రదేశ్, ఇండియా. అమ్మ పెద్దగా చేసుకుని చూసి ఫోన్ చేసింది. చాలా సంతోషపడింది. తర్వాత, "మరి అందులో నేను ఎక్కడున్నానమ్మా?" అని అడిగింది. ఆ ఫారంలో నా దగ్గరే ఆగిపోతుంది, అమ్మకి గడి లేదు. ఏం చెప్పాలో తోచక, "నీది వేరే పుస్తకంలో రాస్తున్నాను" అనేశాను.

ఆ సాయంత్రమే రూళ్ల నోట్‌బుక్ ఒకటి కొన్నాను. ఆదివారాలు ఫోన్లో అమ్మ చెబుతుంది, నేను రాస్తాను. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ తల్లి. ఎవరి పుట్టిల్లు ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఎవరు దక్కారు. మగవాళ్ల పేర్లు ఏడు తరాలు గడగడా చెప్పే అమ్మ, ఆడవాళ్ల దగ్గర నాలుగో పేరుకే ఆగిపోయింది. "అందరూ అవ్వా అనేవాళ్లు, పేరెవరు పెట్టి పిలిచారు" అంది. ఆ గీత ఖాళీ వదిలాను.

మొన్న బుధవారం రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. అమ్మ. అక్కడ మధ్యాహ్నం. ఆ వేళప్పుడు ఎప్పుడూ చేయదు, గుండె గుభేలుమంది. "కంగారు పడకు, ఏమీ లేదు. అవ్వ పేరు గుర్తొచ్చింది, మళ్లీ మర్చిపోతానేమోనని చేశాను" అంది. లైటు వేసి, నోట్‌బుక్ వెతుక్కుని, చెప్పమ్మా అన్నాను.